ఐదో పాట మొదలు

నాయన పోయి ఏడాదైంది. సంవత్సరీకం అయ్యాక అన్నా నేనూ కర్నూలు ఇల్లు సర్దడం మొదలుపెట్టాం. అన్న అటక మీదికెక్కి ఒక్కొక్కటే అందిస్తుంటే నేను కింద నిలబడి అందుకుంటున్నాను. ఇత్తడి గంగాళం, కాలు విరిగిన పీట, మా స్కూలు పుస్తకాల ట్రంకు పెట్టె, ఆ తర్వాత నాయన ఖాకీ సంచి.

మూత ఎత్తగానే వాసన కొట్టింది. కరిగిన లక్క, బంక, ముద్రలు కొట్టే సిరా, వీటన్నిటి అడుగున నాయన చెమట. సంచి ఖాళీగా ఉంది. లోపల చెయ్యి పెడితే అడుగు కుట్టు దగ్గర బూడిదరంగు మట్టి పొడి వేళ్ళకు అంటింది. అది ఎక్కడి మట్టో నాకు తెలుసు. అన్న పైనుంచి "ఏమైందిరా?" అన్నాడు. ఏం లేదన్నాను.

విచిత్రంగా, ఆ వాసనకి ముందు గుర్తొచ్చింది మా ఊరు కాదు. షికాగో పక్కన ఐజన్‌హవర్ ఎక్స్‌ప్రెస్‌వే. జనవరి పొద్దున, హీటరు సరిగా పనిచెయ్యని ఒక పాత కారు, అందులో తిరుగుతున్న క్యాసెట్. గిటారు, గరగరమనే ఒక మగ గొంతు.

*

కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చిన వాళ్ళని పిలిచి మరీ అమెరికా పంపిన వైటూకే రోజులవి, 2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తప్పుతాయని భయపడ్డ రోజులు. నలుగురం తెలుగువాళ్ళం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. వారమంతా పప్పూ అన్నం, ఆదివారం అరోరా బాలాజీ గుడిలో పులిహోర. నాకింకా కారు లేదు. ఆఫీసులో నా పక్క సీట్లో యాభై దాటిన ఒక పెద్దాయన ఉండేవాడు. దారిలోనే కదా అని రోజూ నన్ను ఎక్కించుకునేవాడు. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు రాలేదు. ఇక్కడ కూడా పెద్దాయన అనే రాస్తాను.

ఆయన కారులో ఒకే ఒక్క క్యాసెట్ ఉండేది. అమెరికా పాటగాడు జాన్ ప్రైన్ మొదటి ఆల్బమ్, పేరు కూడా 'జాన్ ప్రైన్', 1971లో వచ్చింది. మొదటి నెలంతా నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను నేర్చుకున్న ఇంగ్లీషు వేరు, ఆ పలుకు వేరు. కానీ గిటారు మాత్రం పట్టేసింది. బొటనవేలు లావు తీగల మీద ఇటూ అటూ ఆగకుండా నడుస్తుంటుంది, మిగతా వేళ్ళు పైన ఏదో చెప్పుకుంటుంటాయి. చిన్నప్పుడు మా వీధిలోకి తంబుర మీటుకుంటూ బ్రహ్మంగారి తత్వాలు పాడేవాళ్ళు వచ్చేవారు. ఆ తంబుర అంతే, పాట ఎటు పోయినా తన నడక తనది. గొంతు కూడా దాదాపు అదే. తియ్యదనం తక్కువ, నమ్మకం ఎక్కువ.

ఒకరోజు ఫస్ట్ అవెన్యూ బోర్డు కనబడగానే పెద్దాయన వేలు చూపించి, ఇదే మేవుడ్, ఈ పాట పాడేవాడు పుట్టింది ఇక్కడే, ఈ చుట్టుపక్కలే ఉత్తరాలు పంచేవాడు అన్నాడు.

"మా నాయన కూడా పోస్ట్‌మేనే" అన్నాను.

ఆయన క్యాసెట్ ఆపేశాడు. అంతవరకు మా మధ్య వాతావరణం, ట్రాఫిక్, ఆఫీసు గొడవలు తప్ప వేరే మాటల్లేవు. ఆ రోజు ఆఫీసు చేరేదాకా మా నాయన గురించి అడుగుతూనే ఉన్నాడు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ క్యాసెట్‌లో మూడో పాట అయిపోగానే పెద్దాయన చెయ్యి దానంతటదే ముందుకు వెళ్ళి, టేపు ముందుకు తిప్పే బటన్ నొక్కేది. రోజూ అంతే. నాలుగో పాట ఎన్నడూ పెట్టలేదు. ఎంతసేపు తిప్పాలో అందాజుగా తిప్పేవాడు కాబట్టి ఐదో పాట ఎప్పుడూ మధ్యలోంచే మొదలయ్యేది. ఆ నాలుగోది 'శామ్ స్టోన్' అనీ, వియత్నాం నుంచి మోకాలి గాయంతో, మార్ఫిన్ అలవాటుతో ఇల్లు చేరిన సైనికుడి కథ అనీ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పెద్దాయన వియత్నాం వెళ్ళొచ్చినవాడని ఆఫీసులో ఇంకెవరో చెప్పారు. నేను అడగలేదు.

*

నాయన బీటులో మూడు ఊళ్ళు. పొద్దున పదింటికి బస్సులో టపా సంచి దిగేది. లక్క సీలు పగలగొట్టి, ఉత్తరాలు ఊరి వారీగా, వీధి వారీగా పేర్చుకుని, సైకిల్ మీద బయల్దేరేవాడు. ఎండాకాలం సెలవుల్లో నేను వెనక క్యారేజీ మీద. మామూలు ఉత్తరానికి రెండు గంటలు, మనియార్డరుకి పొడుగ్గా ఒకటి. ఆ పొడుగు గంట వినబడితే పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చేవారు. వేలిముద్ర వేయించడం, సాక్షి సంతకం, నోట్లు రెండుసార్లు లెక్కబెట్టి చేతిలో పెట్టడం, ఇదంతా ఒక చిన్న వేడుకలాగా జరిగేది. ఫారం కింద మాట రాసే ముక్క ఉంటుంది కదా, దాన్ని చదివించుకుని దాచుకునేవారు.

శుభలేఖ కార్డుకి నాలుగు మూలలా పసుపు ఉండేది. చావు కబురు కార్డు అయితే నాయన గుమ్మంలో చదివేసి అక్కడే చింపేసేవాడు. దాన్ని ఇంట్లోకి తీసుకెళ్ళరు. అలాంటి రోజు మేము తిరిగొచ్చేటప్పుడు దారిలో గంట కొట్టేవాడు కాదు.

రెండో ఊళ్ళో చివరింట్లో ఒక అవ్వ ఉండేది. కొడుకు బొంబాయి పోయాడు. ఉత్తరాలు రావు. అయినా నాయన ఆ ఇంటి ముందు సైకిలు దిగేవాడు. ఆమె చూర్లో దోపుకున్న పాత కార్డు తీసి ఇచ్చేది. "మళ్ళా ఒకసారి సదువప్పా." అదే కార్డు. నాయన మొదటిసారి చదువుతున్నట్టే చదివేవాడు. ఒకసారి "నీ మోకాళ్ళ నొప్పి ఎట్ల ఉందని అడిగినాడవ్వా" అని కూడా చదివాడు. అప్పటికి నాకు చదవడం వచ్చు. భుజం మీంచి తొంగి చూస్తే కార్డులో ఆ మాట లేదు. ఊరు దాటాక అడిగాను. నాయన కాసేపు సైకిలు తొక్కుతూనే ఉన్నాడు. తర్వాత అన్నాడు: "అడగాల్సిందే గదరా వాడు."

*

ఆల్బమ్‌లో మూడో పాట 'హలో ఇన్ దేర్'. పిల్లలు ఎవరి దారిన వాళ్ళు పోయాక మిగిలిన ముసలి దంపతుల పాట. ఇది రాసినప్పుడు ప్రైన్ ఇరవైల మొదట్లో ఉన్నాడు. చిన్నప్పుడు స్నేహితుడికి సాయంగా ఒక వృద్ధాశ్రమంలో గదిగదికీ తిరిగి పేపర్లు వేసేవాడట. కొందరు ముసలివాళ్ళు అతన్ని పేపరు పిల్లాడిగా కాక, చూడ్డానికొచ్చిన మనవడిగా అనుకున్నట్టు నటించేవారట. ఆ సంగతి ఆయన చెప్పుకున్నదే. అది చదివిన రోజు నాకు ఆ అవ్వ చూరు గుర్తొచ్చింది, రాత్రి నిద్ర పట్టలేదు.

ప్రైన్ 1946లో మేవుడ్‌లో పుట్టాడు. తండ్రి అక్కడి డబ్బాల ఫ్యాక్టరీలో పనిమంతుడు, కార్మిక సంఘం నాయకుడు. కుటుంబం మాత్రం కెంటకీ బొగ్గు గనుల వైపు నుంచి వలస వచ్చింది. పద్నాలుగో ఏట అన్న డేవ్ గిటారు నేర్పాడు. హైస్కూలు అయ్యాక పోస్టాఫీసు ఉద్యోగం, మధ్యలో సైన్యం పిలిస్తే జర్మనీలో బండ్ల మెకానిక్కు పని, తిరిగొచ్చి మళ్ళీ అదే ఉత్తరాల సంచి. బీటు నడుస్తూ పాటలు కట్టుకునేవాడు. వీధులు కాళ్ళకి తెలుసు కాబట్టి బుర్ర ఖాళీగా ఉండేదని చెప్పేవాడు. ఈ మాట నాకు ఇంకెవరూ వివరించక్కర్లేదు. మా నాయన సైకిలు మీద తనలో తను గొణుక్కునేవాడు. ఏం గొణుక్కునేవాడో మేమెవరం అడగలేదు.

షికాగో ఆర్మిటేజ్ అవెన్యూలో ఫిఫ్త్ పెగ్ అనే చిన్న క్లబ్బు ఉండేది. ఔత్సాహికులు పాడే రాత్రి ఒకటి ప్రైన్ కింద కూర్చుని గొణిగాడట, వీళ్ళేం పాడుతున్నారని. అంత వస్తే నువ్వెక్కి పాడు అన్నారు పక్కవాళ్ళు. ఎక్కి పాడాడు. పాట అయ్యాక చప్పట్లు లేవు, నిశ్శబ్దం. నచ్చలేదేమోనని కాళ్ళు ఇటూ అటూ జరుపుకుంటూ నిలబడ్డాడు. ఆ తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. ఆ క్లబ్బువాళ్ళే వారం వారం పాడమన్నారు.

ఇంకోరోజు 'షికాగో సన్-టైమ్స్' సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్, పాప్‌కార్న్‌లో ఉప్పెక్కువై, బీరు కోసం సినిమా మధ్యలో లేచి ఆ క్లబ్బులోకి వచ్చాడు. చూడాల్సిన సినిమా సమీక్ష పక్కనపెట్టి ఈ పోస్ట్‌మేన్ గురించి రాశాడు. అది 1970 అక్టోబరు 9న అచ్చయింది. ప్రైన్ మీద వచ్చిన మొదటి సమీక్ష అదే. అప్పటికి రికార్డు మాట అటుంచి, రికార్డు చేద్దామన్న మనిషి కూడా లేడు.

మా అపార్ట్‌మెంట్‌లో ఈ కథ చెప్తే ముగ్గురూ శ్రద్ధగా విన్నారు గానీ, పాట పెడితే మాత్రం "ఏందిరా ఈ ఏడుపు, రెహమాన్ పెట్టు" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు. ఆ పాటలు నలుగురు కూర్చున్న గదికి సరిపోవు. ఒక కారు, ఒక రోడ్డు, మాట్లాడని ఇంకో మనిషి ఉండాలి.

*

జీతం కాస్త కుదుటపడ్డాక నాకంటూ ఒక సీడీ కొనుక్కున్నాను. అట్ట మీద ప్రైన్ గడ్డిమోపు మీద కూర్చుని ఉంటాడు. ఊరి నుంచి వచ్చిన రైతు పిల్లాడనుకుంటాం. నిజానికి అంతకుముందు జీవితంలో ఎన్నడూ గడ్డిమోపు మీద కూర్చోలేదని ఆయనే చెప్పాడు. నగరం పక్క ఫ్యాక్టరీ పేటలో పెరిగిన మనిషి. గ్రామీణ పాటల బజారుకి అలా కనబడాలని ఎవరికో తోచింది. ఆ ఫొటో మీద నాకు ఇప్పటికీ కోపమే. భుజాన ఉత్తరాల సంచితో తీసి ఉంటే ఎంత బాగుండేది.

లోపల నటుడూ పాటగాడూ అయిన క్రిస్ క్రిస్టాఫర్సన్ రాసిన పరిచయం ఉంది. ఆ రాత్రి కథ నాకు చాలా ఇష్టం. ప్రైన్ స్నేహితుడు స్టీవ్ గుడ్‌మన్ కూడా పాటలు రాసేవాడే. షికాగోలో క్రిస్టాఫర్సన్ కచేరీకి ముందు పాడే అవకాశం గుడ్‌మన్‌కి వచ్చింది. తనని మెచ్చుకున్న మనిషితో, నన్ను కాదు, నా స్నేహితుణ్ణి వినండి అని పట్టుబట్టాడు. అర్ధరాత్రి దాటాక క్రిస్టాఫర్సన్‌నీ, గాయకుడు పాల్ ఆంకానీ ఎర్ల్ ఆఫ్ ఓల్డ్ టౌన్ అనే క్లబ్బుకి లాక్కెళ్ళాడు. అప్పటికే మూసేసి కుర్చీలు బల్లల మీద బోర్లించారు. ఆ ఖాళీ హాల్లో ప్రైన్ పాడాడు. పాడినవన్నీ మళ్ళీ పాడమన్నారు. ఇరవై నాలుగేళ్ళవాడు రెండువందల ఇరవై ఏళ్ళవాడిలా రాస్తున్నాడని క్రిస్టాఫర్సన్ ఆ పరిచయంలో రాశాడు.

గుడ్‌మన్ చేసిన పని మామూలుది కాదు. తన తలుపు తెరుచుకుంటుంటే పక్కవాణ్ణి ముందు లోపలికి తోసే స్నేహితులు ఎంతమంది ఉంటారు? అతనికి అప్పటికే లుకేమియా, రక్త క్యాన్సర్. 1984లో, ముప్పై ఆరేళ్ళకే పోయాడు.

ఆ తర్వాతంతా గబగబా జరిగింది. న్యూయార్క్‌లో బిటర్ ఎండ్ క్లబ్బులో తన కచేరీ మధ్యలో క్రిస్టాఫర్సన్ ప్రైన్‌ని వేదిక మీదికి పిలిచాడు. అట్లాంటిక్ రికార్డ్స్ అనే పాటల కంపెనీ పెద్ద జెర్రీ వెక్స్‌లర్ అక్కడ కూర్చుని ఉన్నాడు. మర్నాడే 25,000 డాలర్ల ఒప్పందం.

రికార్డింగ్ మెంఫిస్‌లో, అమెరికన్ సౌండ్ స్టూడియోలో. నిర్మాత అరిఫ్ మార్డిన్, ఇస్తాంబుల్‌లో పుట్టి అమెరికా వచ్చినవాడు. వాయించినవాళ్ళు ఆ స్టూడియో సొంత బృందం. రెండేళ్ళ ముందు అక్కడే ఎల్విస్ ప్రెస్లీ వెనక వాయించినవాళ్ళు. అంతవరకు తన గిటారుతో తనొక్కడే పాడుకున్న మనిషిని తీసుకెళ్ళి ఎల్విస్ బృందం మధ్య నిలబెడితే ఎలా ఉంటుంది? భయంతో బిగుసుకుపోయానని ప్రైన్ తర్వాత చాలాసార్లు చెప్పాడు. మీరు చెవిపెట్టి వింటే తెలుస్తుంది. మొదటి పాటలో గొంతు ముక్కులోంచి వస్తుంది, పదాలు గట్టిగా పట్టుకుని వదులుతుంటాడు. రెజీ యంగ్ గిటారు, బాబీ ఎమన్స్ ఆర్గన్ అతన్ని నొక్కెయ్యకుండా, అలవాటున్న ఎద్దులు కొత్త ఎద్దు పక్కన నడిచినట్టు నడుస్తాయి. నాకు ఆ భయం వినబడటమే ఇష్టం. తర్వాతి ఆల్బమ్స్‌లో ఎంతో హాయిగా పాడాడు, కానీ ఆ బెరుకు మళ్ళీ రాలేదు.

మొత్తం 13 పాటలు. 12 మెంఫిస్‌లో అయ్యాయి. ఒక్కటి మాత్రం న్యూయార్క్‌లో, గుడ్‌మన్ గిటారుతో, అన్న డేవ్ ఫిడిల్‌తో, డ్రమ్ములూ ఆర్గనూ ఏవీ లేకుండా. అదే ఐదో పాట. సీడీ కొన్న రోజు నేను మొదటిసారి దాని మొదలు విన్నాను.

*

ఐదో పాట పేరు 'ప్యారడైజ్'. స్వర్గం కాదు, నిజంగా ఊరు పేరే అది. కెంటకీలో ములెన్‌బర్గ్ కౌంటీ, గ్రీన్ రివర్ ఒడ్డున ఉండేది. ప్రైన్ తల్లిదండ్రుల వైపు ఊరు. సెలవులకి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళేవారు. పాట ఆ జ్ఞాపకంతోనే మొదలవుతుంది. పెద్దాయన టేపు తిప్పేసిన భాగం అదే. ఆ తర్వాతి కథే నేను కారులో రోజూ విన్నది: బొగ్గు కోసం పెద్ద పెద్ద యంత్రాలతో నేలని పైనుంచి కిందికి తవ్వేశారు, చెట్లు పోయాయి, ఊరు పోయింది. పక్కనే కట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద ఊరి మీద పడుతోందని 1967లో మిగిలిన ఇళ్ళు కూడా కొనేసి పడగొట్టారు. ప్రైన్ అప్పుడు సైన్యంలో ఉన్నాడు. తండ్రి పేపరు కత్తిరించి ఉత్తరంలో పంపాడు. పోస్ట్‌మేన్‌కి ఆ ఊరి చావు కబురు పోస్టులోనే వచ్చింది.

పాట తండ్రి కోసం రాశాడు. రికార్డు బయటికి రాకముందే టేపు ఇంటికి తెచ్చి, మిషను అరువు తెచ్చి వినిపించాడు. ఆ పాట రాగానే తండ్రి లేచి పక్క గదిలోకి వెళ్ళి చీకట్లో కూర్చున్నాడు. ఎందుకలా అని అడిగితే, జ్యూక్‌బాక్స్‌లో వస్తోందని అనుకుందామని అన్నాడట. కొడుకు పాట నలుగురి మధ్య, హోటల్లో, డబ్బులేసి పెట్టించుకుంటే వినబడ్డట్టు వినాలని ఆయన కోరిక. ఆల్బమ్ బజారులోకి వచ్చేనాటికి తండ్రి లేడు. గుండెపోటుతో పోయాడు.

రాయలసీమలో, పాలమూరులో కృష్ణ ఒడ్డు వాళ్ళకి ఈ కథ కొత్తది కాదు. 1981లో శ్రీశైలం నీళ్ళ కింద దాదాపు వంద ఊళ్ళు పోయాయి. గుళ్ళని రాయి రాయి విప్పి ఆలంపురానికీ, కర్నూలు జగన్నాథగట్టుకీ తరలించారు. ఇళ్ళనీ, చెట్లనీ తరలించలేరు కదా. నాయన బీటులో మూడో ఊరు అందులో పోయింది. అమ్మ పుట్టిన ఊరు. లారీల్లో దూలాలూ తలుపులూ వేసుకుని జనం వెళ్ళిపోవడం నాకు గుర్తుంది. మా అవ్వ గడప దగ్గర పసుపు రాసి దండం పెట్టుకోవడం గుర్తుంది. నాయన మాత్రం ఆ తర్వాత చాలా నెలలు ఆ ఊరి పేరున వచ్చిన ఉత్తరాలు విడిగా ఒక తాడుతో కట్టి, ఎవరు ఎక్కడికి పోయారో కనుక్కుని, కొత్త చిరునామా రాసి పంపుతుండేవాడు. అది ఆయన పని గంటల్లో చేసేది కాదు. రాత్రి లాంతరు దగ్గర.

*

ఆల్బమ్ గొప్పగా అమ్ముడుపోలేదు. అమెరికాలో పాటల అమ్మకాలకి స్థానాలిచ్చే బిల్‌బోర్డ్ జాబితాలో 154 దాటి పైకి రాలేదు. రేడియోల్లో పెద్దగా వెయ్యలేదు. విమర్శకులు కొత్త బాబ్ డిలన్ వచ్చాడన్నారు, ఆ తరం పాటల రచయితల్లో అందరికన్నా పెద్ద పేరు అది. ఆ బరువు ఎంతమంది నెత్తిన పెట్టారో, ఎంతమంది కింద పడ్డారో తెలిసిందే. 1973 గ్రామీ సంగీత బహుమతుల్లో ఉత్తమ కొత్త కళాకారుడిగా నామినేషన్ వచ్చింది, బహుమతి 'అమెరికా' బృందానికి పోయింది. పాటలు మాత్రం వేరేవాళ్ళ గొంతుల్లో ఎక్కి ఊళ్ళు తిరిగాయి. బెట్ మిడ్లర్ 'హలో ఇన్ దేర్' పాడింది. వంటింట్లో ఈగల మధ్య నిలబడి తన బతుకేమిటని అడిగే నడివయసు ఆడమనిషి పాట 'ఏంజెల్ ఫ్రమ్ మాంట్‌గొమరీ'ని బానీ రైట్ 1974లో పాడితే అది ఆమె పాటే అయిపోయింది. ఇరవై నాలుగేళ్ళ పోస్ట్‌మేన్ ఒక ఆడమనిషి గొంతుతో ఆ పాట ఎలా రాశాడని చాలామంది అడిగేవారట. నేనైతే అడగను. గుమ్మం దగ్గర ఉత్తరం అందుకునే ముఖాలు రోజూ చూసినవాడు రాశాడు.

నిదానంగా, ఏళ్ళమీద, ఆల్బమ్ పైకి వచ్చింది. 2015లో గ్రామీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 'రోలింగ్ స్టోన్' పత్రిక 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితా 2020లో తిరగరాసినప్పుడు 149వ స్థానం ఇచ్చింది.

*

నాయన రిటైరయ్యాక ఒక వేసవికి అరోరాలో మా ఇంటికి వచ్చాడు. గుడి చూశాడు, షికాగో చూశాడు, సరస్సు చూశాడు. కానీ ఆయన రోజూ ఎదురుచూసింది మధ్యాహ్నం వచ్చే టపా బండి కోసం. మొదటి రోజే గమనించాడు: "ఏమిరా, అందరికీ స్టీరింగు ఎడమ పక్క, ఈయప్పకి మాత్రం మన లెక్క కుడిపక్క?" దిగకుండా డబ్బాలో వెయ్యడానికి అలా పెడతారని చెప్పాను. చాలాసేపు మెచ్చుకున్నాడు. డబ్బా పక్కన ఎర్ర జెండా ఎత్తితే మన ఉత్తరం తీసుకుపోతాడంటే నమ్మలేదు. ఊరికి ఒక కార్డు రాసి, జెండా ఎత్తి, కిటికీ దగ్గర కాపు కాశాడు. పోస్ట్‌మేన్ దాన్ని తీసుకెళ్ళాక నాయన లోపలికొచ్చి అమ్మతో, "నిజమే, తీసుకపాయె" అన్నాడు. మూడో వారానికి ఆ పోస్ట్‌మేనూ నాయనా ఒకరికొకరు చెయ్యెత్తి పలకరించుకునేవారు.

ఒక రాత్రి ప్రైన్ గురించి చెప్పాను. పోస్ట్‌మేన్ అనగానే లేచి కూర్చున్నాడు. ఆయన ప్రశ్నలు మనం అడిగేవి కావు. "బీటు ఎన్ని మైళ్ళు? సైకిలా నడకా? పర్మినెంటేనా? ఈయన మానేసినాక ఆ బీటు ఎవరికి ఇచ్చినారు?" సగం ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదు.

ఐదో పాట పెట్టాను. మొదటినుంచి. లైను లైనుకీ ఆపి తెలుగులో చెప్పాను. నది, ఊరు, బొగ్గు, ఊరు లేకపోవడం. అంతా అయ్యాక "మళ్ళా పెట్టు, నువ్వేం చెప్పాకు" అన్నాడు. రెండోసారి కళ్ళు మూసుకుని విన్నాడు. ఫిడిల్ వచ్చినచోట వేలితో కుర్చీ చెయ్యి మీద తట్టాడు. అయిపోయాక చాలాసేపటికి అన్నాడు: "వచ్చే మే నెలలో రా. నీళ్ళు తగ్గుతాయి. మీ అవ్వోళ్ళ ఊరు చూపిస్తా."

*

2020 ఏప్రిల్ 7న నాష్‌విల్ ఆసుపత్రిలో ప్రైన్ కరోనాతో పోయాడు. 73 ఏళ్ళు. రెండుసార్లు క్యాన్సర్‌ని దాటిన మనిషి. 1998లో మెడకి చేసిన శస్త్రచికిత్సతో గొంతు ఇంకా కిందికి దిగి బొంగురుపోయినా, తిరిగొచ్చి ఇరవై ఏళ్ళు పాడాడు. ఆయన పోయిన 2020 ఫిబ్రవరిలోనే ప్యారడైజ్ విద్యుత్ కేంద్రంలో చివరి యూనిట్ కూడా మూతపడింది.

మర్నాడు పెద్దాయనకి ఫోన్ చేశాను. రిటైరై వేరే రాష్ట్రంలో ఉంటున్నాడు. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి ఆయనే, నిన్న రాత్రి నాలుగో పాట పూర్తిగా విన్నాను అన్నాడు. అంతే చెప్పాడు.

తర్వాత నాయనకి చేశాను. కర్నూల్లో లాక్‌డౌన్. "ఆ పోస్టాయప్పేనా?" అన్నాడు, అన్నేళ్ళ తర్వాత కూడా. "పాపం, ఈ కరోనాలో సాగనంపడానికి మంది వచ్చినారో లేదో" అన్నాడు. ప్రైన్ చితాభస్మంలో కొంత ఆ గ్రీన్ రివర్‌లోనే కలిపారని నేను తర్వాత చదివి చెప్తే, "అదే కావాల్సింది" అన్నాడు.

*

ఆ పాట విన్న మరుసటి మే నెలలోనే నేను వెళ్ళాను. వానల్లేని ఏడు. కృష్ణ బాగా వెనక్కి పోయింది. ఆటోలో సంగమేశ్వరం దాకా వెళ్ళాం. ఏడు నదులు కలిసే చోటని పేరు, ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే బయటపడే గుడి. వేప లింగానికి దండం పెట్టుకుని, అక్కడినుంచి ఎండిన నది మట్టి మీద నడక. నాయన ఖాకీ సంచి తగిలించుకున్నాడు. లోపల నీళ్ళ సీసా, సద్దన్నం మూట. ఎందుకు ఆ సంచే అని నేను అడగలేదు.

నాకు కనిపించింది నెర్రెలిచ్చిన బూడిదరంగు మట్టి, అక్కడక్కడ రాళ్ళ వరసలు. అంతే. నాయన ఒకచోట ఆగి, నేల చూసి, తల ఊపాడు. "ఈడి నుంచి మొదలు." నడవడం మొదలుపెట్టాడు. చేతికర్ర చాచి ఒక్కొక్క రాళ్ళ వరస చూపిస్తూ ఇంటి పేర్లు చెప్పుకుంటూ పోయాడు. పోయింది టపా వేసే వరసలోనే. ఈ ఇంట్లో కొడుకు మిలిటరీలో, నెలకొక మనియార్డరు, ఒకటో తేదీ దాటితే ఆ తల్లి పోస్టాఫీసుకే వచ్చేది. ఈ ఇంటికి ఎన్నడూ ఏమీ రాలేదు, అయినా ఆయన రోజూ అరుగు మీద కూర్చునేవాడు. ఇది కోమట్ల ఇల్లు, రిజిస్టర్ కవర్లు. ఇది మీ అవ్వోళ్ళది, మీ అమ్మ తలుపు చాటు నుంచి చెయ్యి చాచి ఉత్తరం తీసుకునేది, మొహం చూపించేది కాదు.

గడప రాయి ఉంది. దాని మీద చెయ్యి పెట్టాను. బాగా కాలుతోంది.

నేను లేచేసరికి నాయన ముందుకి వెళ్ళిపోయాడు. వీధి చివర, అంటే ఒకప్పుడు వీధి చివర ఉన్నచోట, ఒక రాళ్ళ వరస దగ్గరికి వచ్చి ఠక్కున ఆగాడు. సంచి ముందుకి లాక్కుని, పది అడుగులు పక్కకి జరిగి, చుట్టూ తిరిగి అవతలికి పోయాడు. అంతా చదునైన మట్టే, అడ్డం ఏమీ లేదు.

"ఏంటికి నాయనా అట్ల తిరిగినావు?" అని అరిచాను.

ఆయన వెనక్కి తిరిగి ఆ రాళ్ళ వైపు కర్ర చూపించాడు.

"ఈడ కుక్క ఉండేది."